ఈవ్ ఆన్‌లైన్ మైనింగ్: హై సెక్‌లో ఉన్నా షిప్పులు ఎందుకు పోతాయి? అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేట, గోదావరిఖని, కరీంనగర్ వైపు ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష కంప్యూటర్ ఆట ఆడేవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఎక్కువమంది మైనింగ్‌తోనే, అంటే అంతరిక్షంలోని రాళ్ల నుంచి ఓర్ (ముడి ఖనిజం) తవ్వడంతోనే మొదలుపెడతారు. రాత్రిపూట వాయిస్ చాట్‌లో కొత్తవాళ్లకు ఆట నేర్పిస్తుంటాను. ఎవరు వచ్చినా అవే మాటలు, అవే నమ్మకాలు. నెలపాటు ఓర్ తవ్వి కొనుక్కున్న మొదటి బార్జ్ (మైనింగ్ షిప్) ఒక్క నిమిషంలో పేలిపోతే, ఆటనే వదిలేసి వెళ్లిపోయిన పిల్లలు ఉన్నారు. ఎవరో చెప్పిన తప్పుడు మాట నమ్మి వెళ్లిపోయారు కాబట్టి నాకు బాధ. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈవ్ ఆన్‌లైన్ 2003 మే 6న మొదలైంది. చేసింది ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్. చైనాకు వేరే సర్వర్ ఉంది, మిగతా అందరూ ఒకే విశ్వంలో ఆడతారు. షిప్ పేలితే పోయినట్టే, తిరిగి రాదు. మళ్లీ కావాలంటే ఎవరో ఒకరు ఓర్ తవ్వాలి, ఇంకొకరు దాన్ని కరిగించి షిప్ కట్టాలి. ఈ ఆటలో మార్కెట్ నడిచేదే మైనర్ల మీద. కాబట్టి మైనర్ల మీద కన్నేసేవాళ్లూ ఎప్పుడూ ఉంటారు.

అపోహ: "అన్నా, హై సెక్‌ల ఉన్నంక మనల్ని ఎవరు కొడ్తరు?"

వాస్తవం: కొడతారు. సెక్యూరిటీ 0.5 నుంచి 1.0 వరకు ఉన్న సిస్టమ్‌లను (నక్షత్ర మండలాలను) హై సెక్ అంటాం. అక్కడ కాంకార్డ్ అనే పోలీసు ఉంటుంది. అది మిమ్మల్ని కాపాడదు, కొట్టినవాడిని శిక్షిస్తుంది. ఈ తేడా ఒక్కటి అర్థమైతే సగం మైనింగ్ నేర్చుకున్నట్టే. మొదటి దెబ్బ పడ్డాకే కాంకార్డ్ బయల్దేరుతుంది. 1.0, 0.9 సిస్టమ్‌లలో సుమారు 6 సెకన్లలో వస్తుంది. 0.5లో అయితే 19 సెకన్ల దాకా పడుతుంది. అదే సిస్టమ్‌లో అప్పటికే ఇంకోచోట కాంకార్డ్ ఉంటే మరికొంత ఆలస్యం. అందుకే గ్యాంకర్లు (తమ షిప్ పోయినా సరే అని మైనర్లను కొట్టేవాళ్లు) ముందే దాన్ని వేరే చోటికి లాగి, ఆ తర్వాతే బెల్ట్ (తవ్వే రాళ్లు గుంపుగా ఉండే చోటు) మీదకు వస్తారు.

గ్యాంకర్‌కు తన షిప్ పోతుందని తెలుసు. లెక్క వేసుకునే వస్తాడు. ఆ లెక్క మీరూ వేసి చూడండి. వాళ్లు ఎక్కువగా వాడేది కెటలిస్ట్ అనే చవక డిస్ట్రాయర్. మంచి స్కిల్స్, మంచి బ్లాస్టర్లు (దగ్గరి నుంచి కొట్టే తుపాకులు) ఉంటే సెకనుకు 600 దాకా డ్యామేజ్ ఇస్తుంది. 0.5 సిస్టమ్‌లో 19 సెకన్లంటే ఒక్కో షిప్ పదకొండు వేల పైన. మీ బార్జ్ మొత్తం తట్టుకునేది 20 వేలే అయితే ఇద్దరు చాలు. 50 వేలు తట్టుకునేలా ఫిట్ చేస్తే (పరికరాలు అమరిస్తే) ఐదుగురు కావాలి. అదే బార్జ్ 0.9లో ఉంటే పద్నాలుగు మంది! పద్నాలుగు షిప్పులు పోగొట్టుకుని ఒక మైనర్‌ను కొట్టడం ఎవరికి గిట్టుబాటు? ఎవరూ కొట్టలేని షిప్ అంటూ ఏదీ లేదు. వాడి లెక్క తప్పేలా చేయడమే మన చేతిలో ఉన్న పని.

2011 చివర్లో వచ్చిన మార్పు తర్వాత కాంకార్డ్ పేల్చిన షిప్‌కు ఇన్సూరెన్స్ రాదు. గ్యాంకర్ పెట్టిన ఖర్చంతా అతనిదే. మీ షిప్‌లో మిగిలిన మాడ్యూళ్లే (అమర్చిన పరికరాలే) అతని రాబడి. అంటే ఖరీదైన మాడ్యూళ్లు పెట్టుకున్న బార్జ్ తనంతట తానే పిలిచి కొట్టించుకుంటోంది.

అపోహ: ఎక్కువ ఓర్ తవ్వే షిప్పే ఎక్కువ లాభం.

వాస్తవం: పక్కన మనిషి ఉండి, ఓర్ మోసే ఓర్కా అనే పెద్ద షిప్ ఉండి, అందరూ కళ్లు తెరిచి ఉన్న ఫ్లీట్‌లో అయితే ఇది నిజమే. ఒంటరిగా తవ్వేవాడికి కాదు. బార్జ్‌లు మూడు. కవటర్ ఎక్కువ తవ్వుతుంది కానీ ఒంట్లో సత్తువ లేదు. రిట్రీవర్‌కు ఓర్ హోల్డ్ (ఓర్ నిల్వ చేసే గది) పెద్దది, అందుకే వదిలేసి టీ తాగడానికి వెళ్లేవాళ్లకు ఇష్టం. ప్రొక్యూరర్ తక్కువ తవ్వుతుంది, దెబ్బలు బాగా తట్టుకుంటుంది. వీటి మీది తరగతిలో అదే వరసలో హల్క్, మాకినా, స్కిఫ్ ఉంటాయి.

కొత్తవాళ్ల ఫిట్ చూస్తే నాకు ముందే తెలిసిపోతుంది. కింది స్లాట్లన్నీ (పరికరాలు పెట్టే గూళ్లన్నీ) మైనింగ్ లేజర్ అప్‌గ్రేడ్‌లు, మధ్య స్లాట్లు ఖాళీ. దానికి బదులు కింద ఒక డ్యామేజ్ కంట్రోల్, మధ్యలో షీల్డ్ ఎక్స్‌టెండర్, షీల్డ్ హార్డెనర్లు పెట్టండి, ఇవన్నీ దెబ్బలు తట్టుకోవడానికే. గంటకు వచ్చే ఓర్ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఒక్క రిట్రీవర్ పోతే దాన్ని మళ్లీ కొనడానికి ఎన్ని గంటలు తవ్వాలో పక్కన రాసుకుని చూడండి. గ్యాంకర్ల స్కౌట్ బెల్ట్‌లోకి వచ్చి షిప్ స్కానర్‌తో మీ ఫిట్ మొత్తం చదువుతాడు. ఒకే రాయి దగ్గర రెండు బార్జ్‌లు ఉంటే అతను ఎంచుకునేది బలహీనంగా ఉన్నదాన్నే. హార్డెనర్లు ఆన్ చేయకపోతే అవి ఉన్నా లేనట్టేనని కూడా చెప్పాలి. బెల్ట్‌లో దిగగానే ఆన్ చేయండి.

అపోహ: "ముక్కు స్టేషన్ దిక్కు పెట్టి కూసున్న, ఎప్పుడంటే అప్పుడు ఉరకొచ్చు."

వాస్తవం: ఏళ్లుగా ఆడేవాళ్లు కూడా ఇదే అనుకుంటారు. వార్ప్ (దూరంగా ఉన్న చోటికి ఒక్కసారిగా దూసుకెళ్లడం) పట్టాలంటే షిప్ వెళ్లాల్సిన దిక్కుకు తిరిగి, గరిష్ఠ వేగంలో 75 శాతం అందుకోవాలి. ఆగి ఉన్న షిప్ ముక్కు ఎటు ఉందనేది సర్వర్ పట్టించుకోదు. నిలబడి ఉంటే ఎటు వెళ్లడానికైనా పట్టే సమయం ఒకటే. బార్జ్ లాంటి బరువైన షిప్‌కు ఆ సమయం తక్కువేమీ కాదు. నిజంగా ఎలైన్ అవ్వడమంటే స్టేషన్ వైపు కదులుతూ తవ్వడమే. స్ట్రిప్ మైనర్ (బార్జ్‌లో తవ్వే యంత్రం) రేంజ్ సుమారు 15 కిలోమీటర్లు. బెల్ట్‌కు ఒక చివర మొదలుపెట్టి, రాళ్ల పక్కగా ఆ 75 శాతం వేగంతోనే దాటుకుంటూ వెళ్తే కొన్ని నిమిషాలు కదులుతూనే తవ్వొచ్చు. రేంజ్ అయిపోయాక తిరిగి రావాలి. ఇది ఓపిక పని, ప్రతిరోజూ చేయమని అనను. కానీ లోకల్‌లో (ఆ సిస్టమ్‌లో ఉన్నవాళ్ల పేర్లు చూపే చాట్‌లో) అనుమానం కలిగించే పేర్లు ఉన్న రోజు తప్పకుండా చేయండి.

దీనికన్నా తేలికైన ఉపాయం ఇంకొకటి ఉంది. బెల్ట్‌కు వార్ప్ అయినవాళ్లంతా దాదాపు ఒకే చోట దిగుతారు. బ్లాస్టర్లకు రేంజ్ చాలా తక్కువ. అక్కడి నుంచి 40 కిలోమీటర్ల అవతలున్న రాయి దగ్గర బుక్‌మార్క్ పెట్టుకుని అక్కడే తవ్వండి. అప్పుడు గ్యాంకర్లు నేరుగా మీ మీద దిగలేరు, ముందు ఒక స్కౌట్‌ను మీ పక్కకు పంపాలి. తవ్వకుండా, ఏ పనీ లేకుండా మీ షిప్ పక్కకు వచ్చి నిలబడిన చిన్న షిప్ కనిపిస్తే, హోల్డ్ ఎంత ఖాళీగా ఉన్నా సరే స్టేషన్‌కు వెళ్లిపోండి.

అపోహ: "లో సెక్, నల్ సెక్ దిక్కు పోతే సచ్చినట్టే."

వాస్తవం: సెక్యూరిటీ 0.5 కన్నా తక్కువ ఉన్నవి లో సెక్, 0.0, ఆ కింద ఉన్నవి నల్ సెక్. రెండుచోట్లా కాంకార్డ్ రాదు. తెలియకుండా పోతే అంతే. తెలిసి పోతే మాత్రం, నిద్రపోతూ చేసే హై సెక్ మైనింగ్ కన్నా అక్కడే క్షేమం అని నేను గట్టిగా నమ్ముతాను. కారణం చెప్తాను. హై సెక్‌లో లోకల్‌లో వంద పేర్లు ఉంటాయి, అందులో శత్రువు ఎవరో తెలియదు. నల్ సెక్‌లో మీ కూటమి ప్రాంతంలో ఉంటే తెలిసినవాళ్లంతా నీలం గుర్తుతో కనిపిస్తారు. గుర్తు లేని పేరు ఒక్కటి లోకల్‌లో పడితే చాలు, అందరూ డాక్ అవుతారు (స్టేషన్‌లోకి వెళ్లిపోతారు). పక్క సిస్టమ్‌ల సమాచారం ఇంటెల్ ఛానెల్‌లో ముందే వస్తుంది. కొత్తవాళ్ల చిన్న షిప్ వెంచర్‌కు వార్ప్ కోర్ బలం పుట్టుకతోనే +2 ఉంది. మామూలు స్క్రాంబ్లర్ (వార్ప్‌ను అడ్డుకునే పరికరం) ఒక్కటే దాన్ని ఆపలేదు. నల్ సెక్‌లో వేసే బబుల్ (లోపలున్న షిప్పుల వార్ప్‌ను ఆపే వలయం) మాత్రం వెంచర్‌నూ ఆపుతుంది, అది మర్చిపోవద్దు.

వార్మ్‌హోల్ (అంతరిక్ష సొరంగం) గుండా వెళ్లే సిస్టమ్‌ల కథ వేరు. అక్కడ లోకల్‌లో ఎవరూ కనిపించరు, వాళ్లంతట వాళ్లు మాట్లాడితే తప్ప. మీకున్న కన్ను డీ-స్కాన్ ఒక్కటే. వి కీ నొక్కితే 14.3 ఏయూ (భూమి, సూర్యుడి మధ్య దూరానికి 14.3 రెట్లు) దూరం వరకు ఏ షిప్పులున్నాయో, ఏ ప్రోబ్‌లు (షిప్పులను వెతికే పరికరాలు) ఉన్నాయో చూపిస్తుంది. సింగరేణి బాయిలో దిగినవాళ్లు పైకప్పు తట్టి చూశాకే బొగ్గు జోలికి పోతారు. ఇక్కడ డీ-స్కాన్ పని అదే, మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత కొన్ని సెకన్లకోసారి. గ్యాస్ తీస్తున్నప్పుడు జాబితాలో కాంబాట్ ప్రోబ్ అనే పేరు కనిపిస్తే మీ కోసమే వెతుకుతున్నారని అర్థం. ఆ సైకిల్ (ఒక విడత తవ్వకం) పూర్తయ్యేదాకా ఆగుదాం అనుకోవద్దు. అక్కడ ప్రాణాలు పోయేది ఆ ఒక్క సైకిల్ కోసమే.

హై సెక్‌లోనూ డీ-స్కాన్, లోకల్ రెండూ కలిపి చదవడం నేర్చుకోండి. సెక్యూరిటీ స్టేటస్ (ఆటగాడి నడవడికకు ఉండే మార్కు) -5 కన్నా దిగువన ఉన్నవాళ్లను ఎవరైనా కొట్టొచ్చు, ఫ్యాక్షన్ పోలీసు కూడా వెంటపడుతుంది. కాబట్టి వాళ్లు బయట తిరగకుండా స్టేషన్‌లోనే కూర్చుంటారు. లోకల్‌లో అలాంటి పేర్లు ఐదారు ఉండి, డీ-స్కాన్‌లో ఒక్క కెటలిస్ట్ కూడా లేదంటే ఊపిరి పీల్చుకోవద్దు. లోపల తయారవుతున్నారని అర్థం. కిల్ రిపోర్టుల్లో కనిపించే గ్యాంకర్లను, వాళ్ల కార్పొరేషన్లను కాంటాక్ట్‌లలో ఎరుపు గుర్తుతో పెట్టుకుంటే లోకల్‌లోకి రాగానే కంటికి తగులుతారు. ఈ పని ఒక్క సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది, ఏళ్లపాటు పనికొస్తుంది.

అపోహ: "సేఫ్టీ గ్రీన్‌ల పెట్టిన, ఇంకేం టెన్షన్ లేదు."

వాస్తవం: ఆ బటన్ మీరు నేరం చేయకుండా ఆపుతుంది, ఎదుటివాడిని కాదు. దీన్ని ఆసరా చేసుకునే పాత మోసం ఒకటుంది. మీరు బయట వదిలిన జెట్‌క్యాన్ (ఓర్ డబ్బా) లోంచి ఎవరో ఓర్ ఎత్తుకెళ్తాడు. అతను సస్పెక్ట్ అవుతాడు, పసుపు రంగులో మెరుస్తాడు. సస్పెక్ట్‌ను కొట్టడం నేరం కాదు కాబట్టి గ్రీన్ సేఫ్టీ మిమ్మల్ని ఆపదు. కోపంతో డ్రోన్లు వదిలారా, అతనికీ మిమ్మల్ని కొట్టే హక్కు వచ్చేస్తుంది. అప్పుడు కాంకార్డ్ రాదు. పోయిన ఓర్‌ను పోనివ్వండి. డ్యుయల్ రిక్వెస్ట్‌లు (ఒకరితో ఒకరు పోరుకు పిలుపులు) వాటంతటవే తిరస్కరించేలా సెట్టింగ్స్‌లో పెట్టుకోండి.

అపోహ: "పైసలు కట్టి పర్మిట్ తీస్కుంటే మనల్ని ఏమనరట."

వాస్తవం: మైనింగ్ పర్మిట్ పేరుతో ఏడాదికి కోటి ఇస్క్ (ఆటలోని డబ్బు) అడిగే గుంపులు ఈ ఆటలో చాలాకాలంగా ఉన్నాయి. ఆట నియమాల్లో పర్మిట్ అనేదే లేదు. డబ్బు తీసుకున్నవాడు మాట నిలబెట్టుకోవాలని ఏమీ లేదు, పక్క గుంపువాడికి ఆ పర్మిట్‌తో సంబంధమే లేదు. ఆ కోటి పెట్టి మంచి హార్డెనర్లు కొనుక్కోండి.

అపోహ: వరంగల్ నుంచి లండన్ సర్వర్‌కు పింగ్ ఎక్కువ, కరెంటు పోతే షిప్ పోయినట్టే.

వాస్తవం: సర్వర్ లండన్‌లో ఉన్నమాట నిజం. కానీ ఈ ఆట ఒక్కో సెకనుకు ఒక్కో టిక్‌గా నడుస్తుంది. 200 మిల్లీ సెకన్ల పింగ్‌తో మైనర్‌కు వచ్చే నష్టం దాదాపు ఏమీ లేదు. కనెక్షన్ తెగితే షిప్ తనంతట తానే ఎమర్జెన్సీ వార్ప్ తీసుకుని, ఎవరూ కొట్టకపోతే ఒక నిమిషంలో మాయమవుతుంది. బెల్ట్‌లోని ఎన్‌పీసీ (కంప్యూటర్ నడిపే) రౌడీలతో గొడవలో ఉంటే 5 నిమిషాలు, ఆటగాడితో అయితే 15 నిమిషాలు అక్కడే ఉంటుంది. స్క్రాంబుల్ అయి ఉంటే ఆ ఎమర్జెన్సీ వార్ప్ కూడా పట్టదు. వానాకాలం సాయంత్రాలు రౌటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టుకోండి, చిన్న రౌడీలను చంపేందుకు డ్రోన్లు బయటే ఉంచండి.

మన టైమ్ నిజానికి మైనర్లకు అనుకూలం. రోజూ సాయంత్రం 4:30కి సర్వర్ డౌన్‌టైమ్, అది అయ్యాక బెల్ట్‌లు మళ్లీ నిండుతాయి. యూరప్ జనం పని ముగించుకుని లాగిన్ అయ్యేసరికి మనకు అర్ధరాత్రి దగ్గర పడుతుంది. ఆఫీసు నుంచో కాలేజీ నుంచో వచ్చి అన్నం వేళ వరకు తవ్వుకుంటే రద్దీ తక్కువ, రాళ్లు ఎక్కువ.

అపోహ: "పాడ్ గూడ పోతే స్కిల్స్ అన్నీ పోతయి."

వాస్తవం: పాడ్ అంటే షిప్ పేలాక మీరు బయటపడే చిన్న గుళిక. ఒకప్పుడు క్లోన్ (పాడ్ కూడా పోతే బదులు వచ్చే శరీరం) అప్‌గ్రేడ్ చేసుకోకపోతే స్కిల్ పాయింట్లు పోయేవి. 2014 డిసెంబర్‌లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు పోయేది తలలో పెట్టుకున్న ఇంప్లాంట్లే. అందుకే బార్జ్ పేలుతోందని తెలిసిన క్షణం నుంచే ఓవర్‌వ్యూలో (చుట్టూ ఉన్నవాటి జాబితాలో) స్టేషన్‌ను ఎంచుకుని వార్ప్ నొక్కుతూనే ఉండండి. షిప్ పేలి పాడ్ బయటపడగానే వెళ్లిపోతుంది. గ్రహాలు, స్టేషన్లు మాత్రమే కనిపించే ట్యాబ్ ఒకటి దీనికోసం ముందే తయారుచేసుకుంటే ఆ కంగారులో వెతుక్కోనక్కర్లేదు. బార్జ్‌కు ఇన్సూరెన్స్ తీసుకోండి. హల్క్, స్కిఫ్‌ల ధరతో పోలిస్తే వచ్చేది చాలా తక్కువ కాబట్టి వాటి విషయంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అదే స్టేషన్‌లో రెండో ప్రొక్యూరర్‌ను ఫిట్ చేసి సిద్ధంగా ఉంచండి. మిమ్మల్ని కొట్టిన గుంపుకు 15 నిమిషాల క్రిమినల్ టైమర్ నడుస్తుంది, ఆ లోపు ఏ షిప్ ఎక్కి బయటకు వచ్చినా పోలీసు పేల్చేస్తుంది. ఆ 15 నిమిషాల్లో ఇంకో గుంపు లేదని లోకల్ చూసుకుని, వేరే బెల్ట్‌కు వెళ్లి పని మొదలుపెట్టొచ్చు.