పరుగు, మోకాలి గుజ్జు, మసాలా దోశ: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్. సెప్టెంబరు వచ్చిందంటే మా ఫిజియోథెరపీ గదికి మోకాళ్లు పట్టుకుని జనం వస్తారు. వెంట వచ్చిన ఇంట్లోవాళ్లది ఒకటే మాట: "వద్దంటే విన్నారా?"

అపోహ: పరిగెడితే మోకాలి గుజ్జు అరిగిపోతుంది

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. గుజ్జంటే బండి టైరు లాంటిదని, తిరిగినకొద్దీ అరుగుతుందని మనవాళ్ల లెక్క. టైరుకి ప్రాణం లేదు, గుజ్జుకి ఉంది. దానికి రక్తనాళాలు ఉండవు కాబట్టి కీలులోని ద్రవమే దాని తిండి. అడుగు పడ్డప్పుడు నొక్కుకుంటుంది, కాలు లేచినప్పుడు ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలని మోకాలికే ఈ తిండి సరిగ్గా అందదు.

పాత అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగడితే, మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, పరిగెత్తకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం ఉందని తేలింది. పోటీల్లో పరిగెత్తేవాళ్లలో మాత్రం 13.3. ఈ మూడో అంకె దాచి మొదటి రెండే చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. పైగా కీళ్లు బాగున్నవాళ్లే పరుగు మానకుండా ఉంటారు, ఆ తేడా కూడా ఈ అంకెల్లో కొంత ఉండొచ్చు.

మరి నొప్పి ఎందుకొస్తుంది? కిందటేడు ఒక బ్యాంకు ఉద్యోగి ఎక్స్‌రే కవరుతో వచ్చారు. నలభై ఆరేళ్లు, మెట్లు దిగుతుంటే మోకాలిచిప్ప చుట్టూ సలుపు. ఎక్స్‌రే తర్వాత చూద్దాం, ముందు ఫోన్ ఇవ్వండన్నాను. యాప్‌లో మొదటి వారం మూడు కిలోమీటర్లు, నాలుగో వారం ఒకేసారి పన్నెండు, అదీ ఫ్లైఓవర్ల మీద. ఒంటికాలి మీద నిలబడి సగం గుంజీ తీయమన్నాను. కాస్త దిగేసరికే తుంటి ఒక పక్కకి ఒరిగింది, మోకాలు లోపలికి వాలింది. పిరుదు కండరాల్లో బలం లేదు, ఆ బరువంతా మోకాలిచిప్ప మోస్తోంది.

ఊపిరి కొన్ని వారాల్లోనే పుంజుకుంటుంది. ఎముక, స్నాయువు గట్టిపడడానికి నెలలు కావాలి. ఆయాసం రావట్లేదు కదా అని దూరం పెంచినవాళ్లే ఎక్కువగా నా దగ్గరికి వచ్చేది. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా మాత్రం పరుగు ఆపి డాక్టరుకి చూపించాలి.

అపోహ: చెమట ఎంత పడితే అంత కొవ్వు కరుగుతుంది

చెమట నీళ్లే. తగ్గిన కిలో మళ్లీ నీళ్లు తాగగానే వచ్చేస్తుంది. రెయిన్‌కోటు లాంటి జాకెట్టు తొడుక్కుని పరిగెత్తేవాళ్లని చూస్తే వడదెబ్బ కొడుతుందేమోనని నాకు భయం. అసలు లెక్క ఇది: కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక క్యాలరీ. 70 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరిగెడితే 350. తిరుగుదారిలో మసాలా దోశ తింటే లెక్క సరి. బరువు తగ్గకపోయినా బీపీ, షుగరు మీద మేలు కనిపిస్తుంది, అది మాత్రం దోశతో పోదు.

అపోహ: గంట పరిగెత్తకపోతే దండగ

అమెరికాలో 55 వేల మందిని సగటున 15 ఏళ్లు గమనించి 2014లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పరిగెత్తేవాళ్లలో గుండెజబ్బు మరణాలు 45 శాతం తక్కువ. రోజుకి ఐదు, పది నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తినవాళ్లకీ మేలు కనిపించింది.

అపోహ: రోజూ పరిగెత్తేవాడికి గుండెపోటు రాదు

అమెరికాలో జాగింగ్‌ని ఇంటింటికీ చేర్చిన రచయిత జిమ్ ఫిక్స్ 1984లో పరుగుకి వెళ్లి కుప్పకూలి చనిపోయాడు. 52 ఏళ్లు. పోస్ట్‌మార్టంలో గుండె రక్తనాళాలు పూడుకుపోయి కనిపించాయి. వాళ్ల నాన్నకి 35 ఏళ్లకే గుండెపోటు, 43కి మరణం. చూశారా, పరుగే చంపింది అంటారు కొందరు. పరుగు ముప్పుని తగ్గిస్తుంది, వంశంలో ఉన్నదాన్ని, ఏళ్ల తరబడి తాగిన సిగరెట్లని చెరిపేయదు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు ఉన్నా, మీకు షుగరు ఉన్నా, మొదలుపెట్టకముందే డాక్టర్ని కలవండి. పరిగెడుతుంటే ఛాతీ, దవడ, ఎడమ చెయ్యి పట్టేసినట్టుంటే గ్యాస్ మాత్ర వేసుకుని ఇంటికి పోవద్దు. నేరుగా ఆసుపత్రికే.

అపోహ: ఆడవాళ్లు పరిగెడితే గర్భసంచి జారుతుంది

జారదు. ఇలాంటి భయాలతోనే ఒలింపిక్స్‌లో 1984 దాకా మహిళల మారథానే లేదు. కాన్పయ్యాక మాత్రం కనీసం మూడు నెలలు ఆగండి. పరిగెడుతుంటే మూత్రం చుక్కలు పడితే సిగ్గుపడి మానేయకండి, చెప్పండి. దానికీ వ్యాయామాలున్నాయి.

ఆ బ్యాంకు ఆయనకి ఇచ్చింది చిన్న చిట్టీ. తుంటికి రెండు వ్యాయామాలు, వారానికి మూడు రోజులు నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. రెండు నెలలకి మెసేజ్ పెట్టారు: "నొప్పి లేదు సార్, ఆదివారం పది కొట్టనా?"

మూడు అని జవాబిచ్చాను.