తోడుపెట్టిన గంటకే మూత తీస్తే

2020 మే మొదటి వారం. పలమనేరు దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ టమాటా లోడుతో చెన్నై కోయంబేడు మార్కెట్టుకు పోయి వచ్చాడు. ఆ మార్కెట్టు మూతపడక ముందు మా వైపు నుంచి వెళ్ళిన ఆఖరి లోడ్లలో అదొకటి. ఆయన ఇల్లు చేరేలోపే కరోనాతో కోయంబేడు పేరు చిత్తూరు జిల్లా అంతా మోగిపోయింది. అక్కడికి పోయొచ్చిన డ్రైవర్లను, రైతులను, కూలీలను వెతికి పట్టుకుని ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీస్తున్నారు. మామకూ తీశారు, వచ్చిన మర్నాడే. రెండు రోజులకు ఫోనొచ్చింది.

"నెగిటివ్ అంట్రా అబ్బోడా! నాకేం లేదు" అని నాకు చెప్పి, ఆ సంతోషంలో అదే ఊళ్ళో ఉన్న మా అమ్మ దగ్గరికి పోయి, పక్కన కూర్చుని సంగటి తిని వచ్చాడు. ఆ రాత్రికే ఒళ్ళు కాలింది. మళ్ళీ శాంపిల్ తీస్తే పాజిటివ్.

"ల్యాబోళ్ళు శాంపిళ్ళు మార్చేసినారు" అన్నది మామ తీర్పు. ఆ తీర్పు ఇప్పటికీ మారలేదు. నా తీర్పు వేరు. మొదటి పరీక్షా సరైనదే, రెండోదీ సరైనదే. తప్పల్లా మేం ఆ మొదటి కాగితాన్ని చదువుకున్న తీరులో ఉంది. "నాకు కరోనా ఉందా, లేదా" అని మనం అడుగుతాం. పరీక్ష చెప్పేది ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఈ పూట, ఈ పుల్ల తగిలిన చోట, పట్టుకోగలిగినంత వైరస్ ఉందా లేదా అన్నంత వరకే అది చెబుతుంది.

మామ ఇంట్లో నాలుగు ఆవులున్నాయి కాబట్టి ఆయనకు పెరుగు లెక్కలోనే చెప్పాను. పాలు తోడుపెట్టిన గంటకే మూత తీసి చూస్తే పాలే కనిపిస్తాయి. తోడు పడలేదని అర్థమా? పడింది. గిన్నె అడుగున దాని పని అది చేసుకుంటూనే ఉంది. చూసిన వేళే తప్పు. వైరస్ కూడా ఒంట్లో అడుగుపెట్టిన రోజే వేలూ లక్షలూ అయిపోదు. గొంతులో, ముక్కు వెనక కొన్ని కణాల్లో దూరి, అక్కడ తన నకళ్ళు తీసుకుంటూ పెరగాలి. తొలినాటి వుహాన్ రకానికి లక్షణాలు కనబడేసరికి సగటున 5 రోజులు పట్టేది. తర్వాత వచ్చిన ఒమిక్రాన్‌కు 3 రోజులు చాలు. మధ్యలో ఉన్న ఆ రోజుల్లోనే మనం పరుగెత్తుకెళ్ళి పరీక్ష చేయించుకుంటాం, భయం కదా.

ఆ తొందర ఖరీదు ఎంతో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లోనే లెక్కగట్టారు. అప్పటికి వచ్చిన 7 అధ్యయనాల్లోని 1,330 శాంపిళ్ళను ఒకచోట చేర్చి చూశారు. సోకిన మొదటి రోజు ఆర్‌టీపీసీఆర్ చేస్తే, నిజంగా సోకినవాళ్ళలో కూడా దాదాపు 100 శాతం మందికి నెగిటివే వస్తుంది. నాలుగో రోజుకు కూడా ఆ పొరపాటు 67 శాతం దగ్గర ఉంది. లక్షణాలు మొదలయ్యే ఐదో రోజున 38 శాతం. అన్నిటికన్నా తక్కువగా 20 శాతానికి దిగింది ఎనిమిదో రోజున, అంటే జ్వరమో దగ్గో మొదలైన మూడో రోజున. తర్వాత మళ్ళీ మెల్లగా పెరుగుతుంది. అవి పాత రకం వైరస్ లెక్కలు, ఈనాటి రకాలకు రోజులు కాస్త ముందుకు జరుగుతాయి. కానీ గీత ఆకారం అదే. మామకు మొదటి శాంపిల్ తీసింది రెండో రోజున!

ఇక్కడ ఇంకో తిరకాసుంది. లక్షణాలు కనబడడానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి దగ్గర నుంచి వైరస్ పక్కవాళ్ళకు అంటుకోగలదు. మా అమ్మకు అంటుకోలేదు, అది అదృష్టం. ఆరోజు మామను ఆమె పక్కన కూర్చోబెట్టింది రోగం కాదు, "నెగిటివ్" అన్న మాట.

పరీక్షల్లో రకాలున్నాయని అందరికీ తెలుసు, తేడా ఏమిటన్నది మాత్రం చాలామందికి ధరలోనే తెలుసు. ఆర్‌టీపీసీఆర్ వైరస్ జన్యుపదార్థాన్ని వెతుకుతుంది. వైరస్‌లో ఉండేది ఆర్‌ఎన్‌ఏ. దాన్ని ముందు డీఎన్‌ఏగా మార్చి, ఆ డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్కను యంత్రంలో వేడిచేస్తూ చల్లబరుస్తూ రెట్టింపు చేస్తారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. 30 సార్లు ఇలా తిప్పితే ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది. అందుకే శాంపిల్‌లో చిటికెడు వైరస్ ఉన్నా దొరికిపోతుంది. ఎన్నో తిప్పులో యంత్రానికి కనబడిందో ఆ అంకెనే రిపోర్టులో సీటీ విలువ అంటారు. అది 18 అయితే వైరస్ దండిగా ఉన్నట్టు, 33 అయితే అరకొరగా ఉన్నట్టు. 35, అంతకంటే తక్కువ ఉంటే పాజిటివ్‌గా లెక్కించమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పింది. ఆ అంకె చూసుకుని రోగం ఎంత ముదురుతుందో జోస్యం చెప్పుకునేవాళ్ళను 2021లో చాలామందిని చూశాను. అదంతా వృథా. పుల్ల సరిగా తగలకపోయినా ఆ అంకె పెరుగుతుంది.

ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షకు ఈ రెట్టింపు విద్య రాదు. వైరస్ ప్రొటీన్‌ను ఉన్నది ఉన్నట్టుగా పట్టుకోవాలి. తిరుపతి బస్టాండు దగ్గర నిలబడి కొండకేసి చూసినట్టన్నమాట. రాత్రిపూట ఘాట్ రోడ్డులో బళ్ళ దీపాలు వరుసగా వెలుగుతుంటే చూసినవాడెవడైనా రద్దీ ఉందని చెప్పగలడు. మెట్లదారిలో నలుగురు టార్చి వేసుకుని నడుస్తుంటే కనబడరు. లేరని కాదు. 2020 జూన్‌లో మొదటి యాంటిజెన్ కిట్‌కు అనుమతి ఇచ్చినప్పుడు ఐసీఎంఆర్ చూపించిన అంకెలు ఈ సంగతే చెప్పాయి. సోకినవాళ్ళను పట్టుకోవడంలో అది 50.6 నుంచి 84 శాతం మధ్య ఊగింది. సోకనివాళ్ళను సోకలేదని చెప్పడంలో మాత్రం 99.3 నుంచి 100 శాతం. అంటే కిట్‌లో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. నెగిటివ్ వచ్చి, జ్వరమూ దగ్గూ మాత్రం తగ్గకపోతే ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలి, లేదా 48 గంటలాగి మళ్ళీ కిట్ పెట్టాలి. టీకాలు పడ్డ ఒళ్ళల్లో, ఒమిక్రాన్ తర్వాత, ఈ రెండో పరీక్ష మరీ ముఖ్యమైంది. మన ఒంటి కాపలా ముందే మేలుకుని జ్వరం తెప్పిస్తుంది, వైరస్ మాత్రం అప్పటికింకా పూర్తిగా పెరిగి ఉండదు. ఒకటో రోజు కిట్‌లో ఏమీ రాదు, మూడో రోజు గీత వస్తుంది.

మా ఇంటి దగ్గరికి వచ్చిన సంజీవని బస్సు గుర్తుంది. ఆర్టీసీ ఇంద్ర బస్సులనే మార్చి 2020 జులైలో పరీక్షలకు తిప్పారు. తిరుపతి బైరాగిపట్టెడలో ఎండలో లైన్లో నిలబడ్డాం, నా ముందు నలుగురు. కిటికీ వెనక నీలం గౌను వేసుకున్న ఒకమ్మాయి. "తల పైకెత్తకండన్నా, నేరుగా చూడండి" అంది. ముక్కులో పుల్ల పైకి పోతుందనుకున్నాను. కాదు, అది చెవి వైపు వెళ్ళినట్టు, నేలకు సమాంతరంగా లోపలికి పోయింది. ముక్కు వెనక, గొంతు పైన కలిసే చోట వైరస్ మేటవేస్తుంది. అంతదాకా పోయి, కాసేపు ఆగి, తిప్పి తీయాలి. కళ్ళలో నీళ్ళు రాకపోతే పుల్ల అక్కడిదాకా పోలేదేమోనని నేను అనుమానిస్తాను. ఆ పుల్లను ఆమె గులాబీ రంగు నీళ్ళున్న చిన్న గొట్టంలో ముంచి, చివర విరిచి, మూత బిగించి ఐస్ పెట్టెలో పెట్టింది. ఆ పుల్ల ఇంట్లో చెవులు తుడుచుకునే దూదిపుల్ల కాదు. దూదిలో, కట్టెలో పీసీఆర్‌ను చెడగొట్టే పదార్థాలుంటాయి. అందుకే నైలాన్, పాలిస్టర్ పుల్లలే వాడతారు. గొట్టాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచకపోతే ఆర్‌ఎన్‌ఏ ల్యాబుకు చేరేలోపే ముక్కలైపోవచ్చు. చిత్తూరు ఎండల్లో ఆ ఐస్ పెట్టె విలువ చిన్నదేం కాదు.

ఇక ఎక్కడ చేయించుకోవాలన్న ప్రశ్న. దానికి ముందు ఎందుకు అని అడగాలి, జవాబు దాన్నిబట్టి మారుతుంది. మన రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చిలో నెల్లూరులో బయటపడ్డ నాటికి ఇక్కడ పరీక్ష చేయగల చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. వాటిలో తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి ఒకటి. అప్పుడు ప్రైవేటు ల్యాబులకు ఐసీఎంఆర్ పెట్టిన గరిష్ఠ ధర 4,500 రూపాయలు. ఈ రోజు మందుల షాపులో కిట్ కొనుక్కుని ఇంట్లోనే చూసుకోవచ్చు. మన దేశంలో ఇంటి కిట్‌కు మొదట అనుమతి దొరికింది 2021 మేలో, పుణె కంపెనీ మైల్యాబ్ చేసిన కోవిసెల్ఫ్‌కు. మామూలు జలుబు, ఒంటినొప్పులు, వయసు నలభై లోపు, వేరే జబ్బులేమీ లేవు: అలాంటివాళ్ళకు ఇంటి కిట్ చాలు. అసలు కిట్ కూడా లేకుండా నాలుగు రోజులు మాస్కు పెట్టుకుని విడిగా పడుకున్నా నేను తప్పుపట్టను.

అరవై దాటినవాళ్ళ సంగతి వేరు. షుగరు, కిడ్నీ జబ్బు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, కాన్సరుకు మందులు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు జ్వరం వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లోనే డాక్టరుకు చూపించి, ఆసుపత్రి ల్యాబులోనే చేయించుకోవాలి. వైరస్‌ను అణిచే మాత్రలు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి కాబట్టి ఇక్కడ ఆలస్యం ఖరీదైనది. తిరుపతిలో అయితే రుయా, స్విమ్స్, చిత్తూరులో అయితే జిల్లా ఆసుపత్రి, పల్లెల్లో ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కేసులు తగ్గినప్పుడు అన్ని చోట్లా రోజూ శాంపిల్ తీయకపోవచ్చు. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కుంటే ఆటో ఛార్జీ మిగులుతుంది. ఇక ఆయాసం వచ్చినా, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా పరీక్ష మాట పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికి పోవాలి. రిపోర్టు కోసం ఇంట్లో కూర్చోవడం 2021 రెండో వేవ్‌లో ఎందరికి ముప్పు తెచ్చిందో మన వీధుల్లోనే చూశాం.

మా వైపు మరో అలవాటుంది. జ్వరం వచ్చిన రెండో రోజే ఆర్‌ఎంపీ దగ్గర విడాల్ రాయించుకోవడం. టైఫాయిడ్‌కు మన రక్తంలో యాంటీబాడీలు తయారవడానికే వారం దాకా పడుతుంది, రెండో రోజు అది ఏం చెబుతుంది? వానాకాలంలో జ్వరమొస్తే డెంగీనీ మరచిపోకూడదు. దానికి మొదటి ఐదు రోజుల్లో వైరస్ ప్రొటీన్ను పట్టే ఎన్ఎస్1, ఆ తర్వాత యాంటీబాడీలను పట్టే ఐజీఎం చేస్తారు. ఒక్కో పరీక్షకు ఒక్కో వేళ ఉంది.

నెగిటివ్ కాగితాన్ని పాస్‌పోర్టులా చూడటం ఊరి మొత్తానికి అలవాటైన రోజులూ ఉన్నాయి. 2021 సెప్టెంబరులో దర్శనానికి వచ్చేవాళ్ళు రెండు డోసుల టీకా సర్టిఫికెట్టైనా, 72 గంటల్లోపు చేయించిన నెగిటివ్ రిపోర్టైనా తేవాలని టీటీడీ చెప్పింది. పెద్ద గుంపుకు అలాంటి జల్లెడ పనికొస్తుంది, వైరస్ దండిగా ఉన్నవాళ్ళు కొందరైనా అక్కడ ఆగిపోతారు. కానీ ఆ కాగితం చెప్పేది మూడు రోజుల కిందటి ముక్కు సంగతి. మధ్యలో ఒక రైలు ప్రయాణం ఉంది, రెండు హోటళ్ళున్నాయి.

దీనికి తలకిందులు కూడా ఒకటుంది, కోలుకున్నాక మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించుకునే పిచ్చి. మా ఆఫీసులో ఒకాయన జ్వరం తగ్గిన మూడు వారాలకు కూడా ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్ వస్తోందని దిగులుపడి మంచం దిగలేదు. పెళ్ళి అయిపోయాక పందిట్లో ఎంగిలాకులు మిగిలి ఉంటాయి. వాటిని చూసి చుట్టాలింకా ఉన్నారనుకుంటామా? చచ్చిన వైరస్ ముక్కలను కూడా ఆ యంత్రం రెట్టింపు చేసి చూపిస్తుంది, బతికున్నదో లేదో దానికి తెలియదు. మామూలు ఒంట్లో పది రోజులు దాటాక వైరస్ అంటుకోవడం అరుదు. ఆ సమయంలో ఏదైనా చూసుకోవాలంటే యాంటిజెన్ కిట్టే కాస్త నిజం చెబుతుంది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం పోలేదు, అప్పుడప్పుడూ వచ్చి పోతూనే ఉంది. పోయిన వానల్లో మామ ఫోన్ చేశాడు. గొంతు బొంగురుగా ఉంది.

"కిట్ తెప్పించినా అబ్బోడా. పొద్దున జ్వరం, ఇప్పుడే చూసినా. ఏమీ రాలేదు."

"ఇంకో కిట్ ఉంచుకో మామా. ఎల్లుండి మళ్ళీ చూడు. అంతవరకు విడిగా ఉండు."

"మోటారు గదిలో మంచం ఏసుకున్నాలే. తెల్సు నాకు, తోడుపెట్టిన కథ మళ్ళా చెప్పొద్దు."

మూడో రోజు పొద్దున వీడియో కాల్. కిట్ బిళ్ళను కెమెరాకు మరీ దగ్గరగా పెట్టాడు, అంతా తెల్లగా అలుక్కుపోయి కనబడింది. కాస్త వెనక్కి తీయమన్నాను. కిట్ పనిచేసిందని చెప్పే సీ దగ్గర ముదురు గీత. వైరస్ ఉంటే కనబడే టీ దగ్గర వెంట్రుకంత గీత, ఉందా లేదా అన్నట్టు.

"పల్చగా ఉండాది. ఇది లెక్కకొస్తాదా?"

"ఎంతసేపటికి చూసినావు?"

"పదహైదు నిమిషాలు. గడియారం పెట్టుకుని చూసినా."

"అయితే వస్తుంది మామా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోను పక్కకు పెట్టి, "ఏమే, సంగటి గుమ్మం కాడ పెట్టి పో, లోపలికి రావద్దు" అని అత్తను కేకేశాడు.