పెద్దపేగుకూ తిండి పెట్టాలి

"మా ఇంట్లో తరతరాలుగా మాంసం ముట్టరు, మద్యం ఊసే లేదు. అయినా మా పెద్దనాన్నగారికి పెద్దపేగు కేన్సర్ వచ్చింది. ఎందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. ఫలానా వ్యక్తికి కేన్సర్ ఫలానా కారణం వల్లనే వచ్చిందని తేల్చి చెప్పడం చాలా సందర్భాలలో వైద్యులకు సాధ్యం కాదు. వయసు, పుట్టుకతో సంక్రమించిన జన్యువులు, కణాలు విభజన చెందేటప్పుడు దొర్లే తప్పులు, అలవాట్లు, ఇవన్నీ అందులో పెనవేసుకుని ఉంటాయి. అయితే ఈ ప్రశ్న వెనుక, మాంసమూ మద్యమూ లేకపోతే పేగులకు ముప్పు లేదన్న నమ్మకం ఒకటి ఉంది, దానిని పరిశీలించవలసి ఉంది. ఆ రెండింటినీ మానడం మంచిదే. కానీ మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, బొంబాయి రవ్వ ఉప్మా, మైదా బిస్కెట్లతో గడిపే శాకాహారికి కడుపు నిండుతుందే తప్ప, ఆ తిండిలో పెద్దపేగు దాకా చేరేది అత్యల్పం. ఆ పేగు పస్తుంటుంది.

పేగు పస్తుండడమేమిటని సందేహం కలగడం సహజం. బడిలో జీర్ణవ్యవస్థ పాఠం చిన్నపేగు దగ్గరే దాదాపు ముగిసిపోతుంది. పెద్దపేగు వంతు వచ్చేసరికి "ఇక్కడ నీరు పీల్చబడును" అని ఒక్క వాక్యం రాయించి, మరుసటి అధ్యాయంలోకి వెళ్లిపోతారు. సుమారు మీటరున్నర పొడవున్న ఆ అవయవం లక్షల కోట్ల సూక్ష్మజీవులకు నివాసమనీ, అవి తయారుచేసే పదార్థాలే దాని గోడలోని కణాలకు ముఖ్య ఆహారమనీ పిల్లలకు చెప్పకపోవడం నా దృష్టిలో పెద్ద లోటు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా కొత్త రోగులలో కనిపించి, సుమారు 9 లక్షల మందిని బలిగొన్న కేన్సర్‌కు మూలస్థానం అదే గోడ.

ఆ గోడను సూక్ష్మదర్శినిలో చూస్తే, లోపలి పొర నిండా లక్షలాది సన్నని గుంటలు కనిపిస్తాయి. వీటిని క్రిప్టులంటారు. ఒక్కో క్రిప్టును ఒక దిగుడుబావిగా ఊహించుకోవచ్చు. బావి అడుగున కొద్దిపాటి మూలకణాలు ఉంటాయి. అవి విభజన చెందగా పుట్టిన పిల్లకణాలు మెట్టు మెట్టుగా పైకెక్కుతూ, ఎక్కే కొద్దీ విభజన మానుకుని పరిణతి చెంది, నాలుగైదు రోజులలో ఒడ్డుకు చేరి రాలిపోతాయి. నెలకు ఐదారుసార్లు పెద్దపేగు తన లోపలి పొరను ఇలా కొత్తగా నేసుకుంటూ ఉంటుంది. ఇంత వేగంగా కణాలు పుట్టే చోట డీఎన్ఏ నకలు తీయడంలో తప్పులు దొర్లక తప్పదు. అయితే పైమెట్ల మీది కణంలో తప్పు దొర్లితే, ఆ కణం నాలుగు రోజుల్లో రాలిపోతుంది కనుక, దానివల్ల హాని లేదు. అడుగున ఉన్న మూలకణంలో దొర్లిన తప్పు మాత్రం నిలిచిపోతుంది.

అలా నిలిచే తప్పులలో మొదటిది సాధారణంగా ఏపీసీ అనే జన్యువులో జరుగుతుంది. 1991లో గుర్తించిన ఈ జన్యువు, బీటా కెటెనిన్ అనే ప్రోటీన్ కణంలో పేరుకుపోకుండా దానిని ఎప్పటికప్పుడు విచ్ఛిన్నం చేయించే యంత్రాంగంలో భాగం. ఏపీసీ రెండు ప్రతులూ పాడైతే బీటా కెటెనిన్ కేంద్రకంలోకి చేరి "విభజన చెందు" అనే ఆదేశాన్ని ఆగకుండా ఇస్తూ ఉంటుంది. దానితో పైకెక్కుతున్న కణాలు విభజన మానవు, ఒడ్డుకు చేరినా రాలవు. అక్కడే గుమిగూడి చిన్న పిలకలా పెరుగుతాయి. అదే పాలిప్. ఆపైన కేరాస్, పి53 వంటి జన్యువులలో కూడా మార్పులు చేరితే అది కేన్సర్‌గా మారుతుందని అమెరికన్ శాస్త్రవేత్తలు ఫియరన్, వోగెల్‌స్టీన్ 1990లో ప్రతిపాదించారు. పాలిప్‌లలో అత్యధికం కేన్సర్‌గా మారనే మారవు. మారేవాటికి సాధారణంగా పదేళ్లో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అలవాట్లకు ఈ వ్యాధి మీద ఏదైనా అధికారం ఉందంటే, అది ఈ పదేళ్ల వ్యవధి వల్లనే.

ఇక తిండి విషయం. మన జీర్ణరసాలకు లొంగని పీచు చిన్నపేగును దాటి పెద్దపేగును చేరగానే, అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఎసిటేట్, ప్రోపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. శరీరంలోని తక్కిన కణాలు ఎక్కువగా రక్తం మోసుకొచ్చే గ్లూకోజు, కొవ్వుల మీద బతుకుతుంటే, పెద్దపేగు గోడ కణాలు మాత్రం తమ శక్తిలో 60 నుంచి 70 శాతం దాకా ఈ బ్యుటిరేట్ నుంచే పొందుతాయి. అందుకే పెద్దపేగు పస్తుంటుందనడం అలంకారం కాదు. పీచు లేని భోజనం ఎంత బలమైనదైనా, చిన్నపేగులోనే పూర్తిగా ఇంకిపోతే ఆ కణాలకు అందవలసిన ఆహారం అందదు.

ఇక్కడి నుంచి కథ నాకు అత్యంత ప్రీతిపాత్రమైన మలుపు తిరుగుతుంది. ప్రయోగశాలలో బ్యుటిరేట్ ఇస్తే ఆరోగ్యంగా ఉన్న పేగు కణాలు పుష్టిగా ఉంటాయి. కేన్సర్ కణాలు మాత్రం విభజన ఆపేస్తాయి, చాలాసార్లు చనిపోతాయి. ఒకే పదార్థం ఒకరికి అన్నమూ మరొకరికి అడ్డుకట్టా ఎలా అయింది? ఆరోగ్యవంతమైన కణం తన మైటోకాండ్రియాలలో బ్యుటిరేట్‌ను కాల్చి శక్తిగా మార్చుకుంటుంది కనుక, అది లోపల నిల్వ ఉండదు. కేన్సర్ కణాలకు గ్లూకోజు మీద మోజెక్కువ. ఈ స్వభావాన్ని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. గ్లూకోజుకు అలవాటు పడిన కణం బ్యుటిరేట్‌ను సరిగా కాల్చదు, దానితో అది లోపల పోగుపడి కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడ హిస్టోన్ డీఎసిటైలేజ్ అనే ఎంజైములను అడ్డుకుంటుంది. ఆ ఎంజైములు పనిచేయకపోతే, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద ఎసిటైల్ గుంపులు నిలిచి ఉంటాయి, బిగువు సడలుతుంది, మూతపడి ఉన్న జన్యువులు కొన్ని మళ్లీ పనిచేస్తాయి. కణవిభజనను ఆపే పి21 అనే జన్యువు వాటిలో ఒకటి.

మరి బ్యుటిరేట్ విభజనను ఆపగలిగితే, బావి అడుగున నిరంతరం విభజన చెందుతుండవలసిన మూలకణాలను కూడా ఆపదా? నిజంగానే ఆపుతుంది, వాటి దాకా చేరితే. చేరనివ్వనిది బావి ఆకారమే. పేగులోని బ్యుటిరేట్ పైనుంచి వస్తుంది, ఒడ్డున ఉన్న పరిణత కణాలు దానిని వచ్చింది వచ్చినట్టు వాడేసుకుంటాయి, లోతుకు పోయే కొద్దీ దాని గాఢత తగ్గిపోయి అడుగున దాదాపు మిగలదు. ఎండపొడ తగలని దిగుడుబావి అడుగులా మూలకణాలు సురక్షితంగా ఉంటాయి. ఎలుకల మీద చేసి 2016లో ప్రచురించిన ప్రయోగాలలో ఇది స్పష్టంగా కనిపించింది. ఒడ్డు కణాలు దెబ్బతిన్న చోట బ్యుటిరేట్ లోతుకు చేరి, గాయం మానడాన్ని ఆలస్యం చేసింది కూడా. ఆకారం, ఆహారం, ఆదేశం మూడూ ఇంత పొందికగా అల్లుకున్న వ్యవస్థ మనలో ప్రతి ఒక్కరి కడుపులోనూ ఉంది.

పీచు గొప్పదనాన్ని తొలిసారి ప్రపంచం దృష్టికి బలంగా తెచ్చినవారు ఉగాండాలో చాలాకాలం శస్త్రవైద్యుడిగా పనిచేసిన డెనిస్ బర్కిట్. పాశ్చాత్యులను పీడించే పెద్దపేగు కేన్సర్ అక్కడి పల్లె ప్రజలలో అరుదుగా ఉండడం గమనించి, ఆయన మలాన్ని తూకం వేయించారు. బ్రిటన్‌లో రోజుకు సుమారు 100 గ్రాములుంటే, ఉగాండా పల్లెలలో 400 గ్రాములు దాటింది. జీర్ణనాళంలో తిండి ప్రయాణించే కాలం కూడా అక్కడ సగం కంటే తక్కువ. హానికర పదార్థాలు పలచబడి త్వరగా బయటికి పోవడమే రక్షణ అని ఆయన 1971లో వాదించారు. బ్యుటిరేట్ సంగతి తర్వాత బయటపడింది.

2015లో ప్రచురితమైన మరో పరిశోధన ఈ విషయాన్ని ఇంకా సూటిగా పరీక్షించింది. పిట్స్‌బర్గ్‌లోని 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకు పీచు నిండిన, కొవ్వు తక్కువైన పల్లె భోజనమూ, దక్షిణాఫ్రికా పల్లెలకు చెందిన 20 మందికి మాంసమూ కొవ్వూ ఎక్కువైన అమెరికా భోజనమూ రెండు వారాల పాటు పెట్టారు. రెండే వారాలలో అమెరికన్ల పేగులలో బ్యుటిరేట్ ఉత్పత్తి పెరిగి, డీఆక్సీకోలిక్ ఆమ్లం వంటి ద్వితీయ పైత్యరస ఆమ్లాలు బాగా తగ్గాయి. ఆఫ్రికన్లలో సరిగ్గా తలకిందులైంది. కొవ్వు అరగడానికి కాలేయం విడుదల చేసే పైత్యరసాన్ని పేగు సూక్ష్మజీవులు మార్చగా వచ్చేవే ఆ ఆమ్లాలు. అవి గోడ కణాలను, వాటి డీఎన్ఏను గాయపరుస్తాయి. కణాలు విభజన చెందే వేగం కూడా మొదటి జట్టులో తగ్గి, రెండవ జట్టులో పెరిగింది. కేన్సర్ వచ్చిందనో తగ్గిందనో చెప్పడానికి రెండు వారాలు చాలవు, కానీ దారి ఎటు మళ్లుతుందో తెలుస్తుంది.

పీచు పక్షాన మాట్లాడేవారు దాచకూడని సంగతి ఒకటుంది. ఒకసారి పాలిప్ తీయించుకున్నవారికి పీచు ఎక్కువగా ఇచ్చి మూడు నాలుగేళ్లు గమనించిన రెండు పెద్ద అమెరికన్ ప్రయోగాలు 2000లో వెలువడ్డాయి. రెండింటిలోనూ పాలిప్‌లు మళ్లీ పుట్టడం తగ్గలేదు. పెద్దపేగు కేన్సర్ ముప్పును బాగా పెంచే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపమున్నవారికి అరగని పిండి ఇచ్చిన ప్రయోగంలోనూ పెద్దపేగు కేన్సర్ తగ్గలేదు. మరోవైపు పది యూరప్ దేశాలలో 5 లక్షల మందికి పైగా ఉన్న ఎపిక్ అధ్యయనంలో, పీచు అత్యధికంగా తినేవారికి ముప్పు అత్యల్పంగా తినేవారికంటే సుమారు పావు వంతు తక్కువగా కనిపించింది. అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు రోజుకు ప్రతి 10 గ్రాముల పీచుకు ముప్పు సుమారు 10 శాతం తగ్గింది. పదేళ్లకు పైగా సాగే వ్యాధిని మూడేళ్ల పొడి తవుడుతో ఆపాలనుకోవడం అత్యాశ అని నా అభిప్రాయం. పీచు మందు కాదు, జీవితకాలపు తిండి.

రోజుకు 2000 కేలరీలు తినేవారికి సుమారు 30 గ్రాముల పీచు కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూస్తే మన కంచంలోని లోపం తేటతెల్లమవుతుంది. నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, జొన్నలలో 10, రాగులలో 11, కందిపప్పులో 9, పొట్టుతో ఉన్న పెసలలో 17, శనగలలో 25 గ్రాములు. పావు కిలో బియ్యం వండుకు తిన్నా 7 గ్రాములే దక్కుతుంది. అందులో నూరు గ్రాముల బియ్యం తగ్గించి జొన్న రొట్టెకు మారితే మరో 7 గ్రాములు, సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు తింటే ఇంకో 7 గ్రాములు చేరతాయి. జొన్న సంకటి, రాగి సంకటి, ఉలవచారు, పెసరట్టు, తోటకూర పప్పు మనకు కొత్తవి కావు. వాటిని పేదల తిండిగానో పండగ రుచిగానో పక్కన పెట్టి, మూడు పూటలా తెల్లన్నాన్ని హోదాగా భావించడం ఇటీవలి తరాల మాట. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కనుక, కొన్ని వారాల మీద నీళ్లు బాగా తాగుతూ పెంచాలి.

చద్దన్నం గురించి కూడా చెప్పాలి. వేడి అన్నంలో విచ్చుకుని ఉన్న అమైలోజ్ గొలుసులు చల్లారేటప్పుడు మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి, వాటిని చిన్నపేగు ఎంజైములు తేలికగా కోయలేవు. ఆ భాగం పెద్దపేగుకు దక్కుతుంది. అలా అరగకుండా మిగిలే పిండి పెరిగేది కొద్దిగానే, చద్దన్నం కేన్సర్‌ను ఆపుతుందని చేసే ప్రచారానికి ఆధారం లేదు. అందులో కలిపే పెరుగులోని కాల్షియానికి మాత్రం గట్టి సాక్ష్యమే ఉంది. బ్రిటన్‌లో 5 లక్షలకు పైగా మహిళలను గమనించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు అదనంగా 300 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకున్నవారికి ముప్పు 17 శాతం తక్కువగా ఉంది. పేగులోని పైత్యరస ఆమ్లాలను కాల్షియం బంధించి బయటికి పంపుతుందన్నది దీనికి చెప్పే వివరణ.

మాంసాహారుల విషయం క్లుప్తంగా చెప్తాను. సాసేజి, సలామీ, బేకన్ వంటి నిల్వ మాంసాలు కేన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం 2015లో నిర్ధారించింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు కేన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుంది. వేట, గొడ్డు, పంది మాంసాలను బహుశా కారకాలన్న వర్గంలో ఉంచింది. చేపకూ కోడికీ ఆ ముద్ర లేదు. మద్యమూ పొగాకూ నిస్సందేహంగా ముప్పును పెంచుతాయి.

నడుము కొలత, వ్యాయామం తిండి కంటే చిన్న విషయాలు కావు. పొట్ట చుట్టూ కొవ్వు పేరితే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ కణాలను పెరగమని పురమాయిస్తుంది. మధుమేహం ఇంటింటి మాటైన మన రాష్ట్రాలలో దీనిని గుర్తుంచుకోవాలి. పెద్దపేగు కేన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ల పాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేయించిన ప్రయోగం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. ఐదేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు వ్యాయామ జట్టులో 80.3 శాతం, సలహా పుస్తకాలు మాత్రమే అందుకున్న జట్టులో 73.9 శాతం. అందులో చాలామంది చేసింది చురుకైన నడకే.

పేగులలో ఏళ్ల తరబడి మలం పేరుకుపోయి విషమవుతుందని భయపెట్టి పొడులూ ఎనిమాలూ అమ్మేవారి మాట నమ్మవలసిన పని లేదు. నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తదయ్యే గోడ మీద ఏళ్లనాటి మలం అంటుకుని ఉండదు. ఇంతకంటే ప్రమాదకరమైన నమ్మకం, మలంలో రక్తం కనబడగానే "వేడి చేసింది" అనో, "మొలలే" అనో సరిపెట్టుకోవడం. చాలాసార్లు అవి మొలలే కావచ్చు, కానీ పరీక్ష చేయించకుండా ఆ మాట ఎవరూ అనలేరు. విరేచనాల అలవాటు కొన్ని వారాల పాటు మారినా, కారణం తెలియని రక్తహీనత ఉన్నా, బరువు తగ్గుతున్నా వైద్యుని వద్దకు వెళ్లాలి.

ఎంత మంచి అలవాట్లున్నా ముప్పు సున్నా కాదు కనుక, పాలిప్‌ను పాలిప్‌గానే పట్టుకోవడం కూడా నివారణే. అమెరికాలో మామూలు ముప్పున్నవారికి పరీక్షలు ప్రారంభించే వయసును 2021లో 50 నుంచి 45 ఏళ్లకు తగ్గించారు. మన దేశపు ప్రభుత్వ కేన్సర్ పరీక్షల కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లకు ఉద్దేశించినది, పెద్దపేగు అందులో లేదు. అందుచేత ఎవరికి వారు అడిగి తెలుసుకోవలసిందే. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష తేలికైనది. పెద్దపేగులోకి కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలోనైతే కనబడిన పాలిప్‌ను సన్నని తీగ ఉచ్చుతో అప్పటికప్పుడే కోసి తీసేస్తారు. ప్రశ్న అడిగిన పాఠకునికి వరుసైన సోదరులు, అంటే ఆ పెద్దనాన్నగారి సొంత పిల్లలు, 40 ఏళ్లకో, లేదా ఆయనకు వ్యాధి బయటపడిన వయసు కంటే పదేళ్లు ముందో, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆయనకు 50 ఏళ్లలోపే వచ్చి ఉంటే, లేదా అదే వైపు బంధువులలో పెద్దపేగు, గర్భాశయ కేన్సర్లు మరికొందరికి కూడా ఉంటే, లించ్ సిండ్రోమ్ కోసం జన్యు పరీక్ష అవసరమేమో వైద్యుని అడగాలి.