వేడి పెడితే గుడ్లు ముందే పగులుతాయా? పట్టుపురుగు గడియారంపై అపోహలు - వాస్తవాలు

"నిన్న కొన్ని, ఇవాళ కొన్ని పగిలాయండీ, రేపటికీ మిగిలేట్టున్నాయి." చాకీ కేంద్రాలకు (పట్టుపురుగు పిల్లలను పెంచి రైతులకిచ్చే చోట్లకు) వచ్చే ఫోన్లలో చాలా ఇవే. ఆరా తీస్తే రాత్రి కుంపటి పెట్టారనో, పగలు రేకుల గదిలో ఉంచారనో తేలుతుంది.

అపోహ: వేడి పెంచితే పురుగు లోపలి గడియారం వేగంగా తిరిగి, గుడ్లన్నీ ఒకేసారి పగులుతాయి.

వాస్తవం: వేడికి వేగం పెరిగేది పిండం ఎదుగుదలకే. గడియారం మాత్రం 24 గంటల దగ్గరే నిలుస్తుంది. 1954లో జీవశాస్త్రవేత్త పిటెండ్రై డ్రోసోఫిలా అనే పండ్ల ఈగల్లో ఇదే చూపించాడు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారినా అవి ప్యూపా నుంచి బయటపడే లయ ఇంచుమించు 24 గంటలే. పట్టుగుడ్డు కూడా తెల్లవారుజాము వెలుగు చూసే పగులుతుంది. గుడ్లున్న షీటుకు ఒకవైపు కుంపటి సెగ తగిలితే అటు పిండాలు ముందుంటాయి, ఇటువి వెనకబడతాయి. ముందున్నవి ఇవాళ్టి వేకువను, వెనకవి రేపటి వేకువను అందుకుంటాయి. ఆ తేడా చివరిదాకా వెంటాడుతుంది. కొన్ని పురుగులు జ్వరంలో (పాత చర్మం విడిచేందుకు మేత మానే దశలో) ఉండగా మిగతావి ఆకు అడుగుతాయి. ఎవరికి మేత వేసినా రెండోవాళ్లకు నష్టమే.

చేయాల్సింది: 25 డిగ్రీలు, 75-80 శాతం తేమ, రోజుకు 16 గంటల వెలుగు. గుడ్డులో పిండం తల నల్ల చుక్కలా కనబడగానే షీట్లను నల్ల గుడ్డలో చుట్టి రెండు రోజులు పూర్తి చీకట్లో ఉంచండి. ముందున్నవి ఆగుతాయి, వెనకవి అందుకుంటాయి. మూడో రోజు తెల్లవారుజామున గుడ్డ తీసి వెలుగు చూపండి. ఒకటి రెండు గంటల్లో చాలావరకు పగులుతాయి. మధ్యలో "చూద్దాం" అని ఒక్కసారి విప్పినా ఆ చీకటి వృథా.

అపోహ: నల్ల గుడ్డ వెచ్చదనానికి. కాదు, చీకటికే. లోపల కూడా 25 డిగ్రీలే.

అపోహ: ఉష్ణోగ్రతకు గడియారంతో సంబంధమే లేదు. ఉంది. పగలు-రాత్రి హెచ్చుతగ్గులను కూడా కీటకాలు గంటలుగా చదువుతాయి. డ్రోసోఫిలాకు మూడు డిగ్రీల తేడా చాలు. అందుకే ఏసీ రాత్రి ఆపి పగలు వేయడం కంటే నిలకడ ముఖ్యం.

విత్తన పంట వేసేవాళ్లకు ఇంకొకటి. బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల జాతి) గుడ్లను 25 డిగ్రీల్లో, వెలుగులో పొదిగితే ఆ తరం చిలకలు (రెక్కల పురుగులు) నిద్రావస్థ గుడ్లు, అంటే వెంటనే పగలకుండా ఆగిపోయే గుడ్లు పెడతాయి. 15 డిగ్రీల చీకట్లో పొదిగితే నేరుగా పగిలే గుడ్లు పెడతాయి.

థర్మామీటర్‌ను గోడకు కాదు, షీట్ల ఎత్తులో, వాటి పక్కనే వేలాడదీయండి.