గ్రీకు వైన్: అపోహలు, వాస్తవాలు

వైన్ షాపులో ఏ సరుకు తెప్పించాలో చూసే పని నాది. ఫ్రాన్స్, ఇటలీ అరల ముందు అరగంట నిలబడేవాళ్లు గ్రీస్ అరను చూసీచూడనట్టు దాటిపోతుంటే మనసు ఊరుకోదు. పెట్టిన డబ్బుకు ఇంత మంచి వైన్ దొరికే చోటు యూరప్‌లో ఇంకోటి చెప్పమంటే నేను తడుముకోవాల్సిందే. జనాన్ని ఆ అర దగ్గరికి రానివ్వని మాటలు కొన్ని ఉన్నాయి. నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: గ్రీకు వైన్ అంతా పైన్ బంక వాసన వేస్తుంది.

ఆ వాసన రెత్సీనాది మాత్రమే. ద్రాక్షరసం పులిసేటప్పుడు అందులో పైన్ చెట్టు బంక వేసి, తర్వాత తీసేస్తారు. పూర్వం వైన్ పోసిన మట్టి జాడీల్లోకి గాలి చొరకుండా ఈ బంకే పూసేవారు. అలా రుచి అలవాటైంది. తర్వాత పర్యాటకులకు పోసిన నాసిరకం రెత్సీనా వల్ల దేశం మొత్తానికి ఆ ముద్ర పడింది. బంక వేసిన వైన్ మీద రెత్సీనా అని రాసే అమ్ముతారు కాబట్టి పొరపాటున ఇంటికి తెచ్చుకునే భయం లేదు.

రెత్సీనాకు ఎక్కువగా వాడే తెల్ల ద్రాక్ష పేరు సవాతియానో. ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికాలో, నీళ్లు అంతంతమాత్రంగా ఉన్న నేలల్లో పెరుగుతుంది. చాన్నాళ్లు దాన్ని ముడిసరుకు లెక్కన చూశారు. ఇప్పుడు ముసలి తీగల కాయను విడిగా కోసి, బంక లేకుండా చేస్తున్నారు. తక్కువ ధరలో శ్రద్ధగా చేసిన తెల్ల వైన్ కావాలని ఎవరడిగినా నేను ముందు తీసిచ్చేది ఇదే.

అపోహ: ధర తక్కువంటే ఏదో లోపం ఉన్నట్టే.

ధరలో పేరు ప్రతిష్ఠల వాటా చాలా ఉంటుంది. ఉత్తర గ్రీస్‌లో వెర్మియో కొండవాలున ఉన్న నౌసానే చూడండి. 1971లోనే చట్టం గుర్తించిన ప్రాంతం అది. నౌసా అని లేబుల్ మీద ఉంటే లోపల ఉండేది క్సినోమావ్రో అనే ఎర్ర ద్రాక్ష ఒక్కటే, ఇంకే రకమూ కలపకూడదు.

గ్లాసులో పోయగానే చాలామంది నిరాశపడతారు. రంగు పలచన, అంచు ఇటుక రంగు. బలం లేని వైన్ అనుకుంటారు. గుక్క వేశాక తెలుస్తుంది అసలు సంగతి: ముందు పులుపు, వెంటనే చిగుళ్లను పట్టేసే వగరు. ముక్కు దగ్గర పెట్టుకుంటే టమాటా, ఆలివ్, వెనకాల ఎండిన ఎర్ర పండ్ల వాసన. ఇటలీ ఎర్ర ద్రాక్ష నెబ్బియోలోతో చేసిన వైన్ తాగినవాళ్లకు ఈ తీరు పరిచయమే. కానీ ఆ ద్రాక్షతోనే చేసే ఖరీదైన బరోలో వైన్‌కు పెట్టే డబ్బులో సగం కూడా అక్కర్లేదు. అమెరికాలో 20 డాలర్లకు అటూ ఇటూగా మంచి నౌసా దొరుకుతుంది. సీసా తెరిచి, వెడల్పాటి జగ్గులో పోసి గంటో రెండు గంటలో ఆగండి. వేపుడు కాని మటన్‌తో తాగండి. మంచి వైన్ అయితే సీసాలో 10, 15 ఏళ్లు కూడా నిలుస్తుంది.

అంత వగరు వద్దనుకుంటే దక్షిణ గ్రీస్‌లోని పెలొపొన్నెసోస్ ద్వీపకల్పంలో ఉన్న నెమేయా ప్రాంతపు వైన్ చూడండి. అక్కడి ఎర్ర ద్రాక్ష అగియోర్గీటికో మెత్తగా, చెర్రీ రుచితో సాగుతుంది.

అపోహ: అసిర్తికో కొంటే శాంటోరినిదే కొనాలి.

అసిర్తికో తెల్ల ద్రాక్ష, శాంటోరిని ద్వీపం దాని సొంతూరు. అక్కడి అసిర్తికో గొప్పదే, అందులో నాకు సందేహం లేదు. అగ్నిపర్వతపు బూడిద నేల కావడంతో తీగల వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు అక్కడ బతకదు. అందుకే పురుగును తట్టుకునే వేరే వేళ్లకు అంటు కట్టకుండా, సొంత వేళ్ల మీదే తీగలు పెరుగుతాయి. ఈదురుగాలికి తట్టుకోవడానికి తీగను నేల మీదే బుట్టలా చుడతారు, గుత్తులు ఆ బుట్ట లోపల కాస్తాయి. వానలు తక్కువ, దిగుబడి బాగా తక్కువ. పైగా హోటళ్ల నుంచి భూమికి గిరాకీ. ధర అందుకే ఆకాశానికి పోయింది.

అదే ద్రాక్షను గ్రీస్‌లోనే ద్రామా, హల్కిదికీ, అట్టికా, క్రీట్ ప్రాంతాల్లో కూడా వేశారు. శాంటోరినిలో ఉండే ఉప్పదనం, రాతి రుచి వీటిలో తగ్గుతాయి, పండు రుచి పెరుగుతుంది. ఎంత ఎండలో పండినా పులుపు పోకపోవడం ఈ ద్రాక్ష సొత్తు, అది మాత్రం అన్నిచోట్లా ఉంటుంది. ధర దాదాపు సగం. శాంటోరినికి నకలు అనుకోకుండా వేరే వైన్‌గా తాగితే నచ్చుతుంది.

అపోహ: స్థానిక రకాలన్నీ పోయాయి, ఇప్పుడంతా కాబెర్నే, షార్డొనే లాంటి ఫ్రెంచి ద్రాక్షలే.

మలగూజియా అనే తెల్ల ద్రాక్ష దాదాపు పోయినట్టే ఉండేది. ప్రొఫెసర్ లోగోథెటిస్ ఆ తీగను వెతికి కాపాడారు. 1970లలో పోర్తో కారాస్ ఎస్టేట్‌లో వాంగెలిస్ గెరొవాసిలియూ దాని విలువ గుర్తించి వైన్ చేశారు, తర్వాత ఎపనోమీలోని సొంత తోటలో వేసుకున్నారు. ఇప్పుడది గ్రీస్ నలుమూలలా ఉంది. పీచ్ పండు, తులసి జాతి ఆకుల వాసన. క్రీట్‌లో విదియానో, థెస్సలీలో లిమ్నియోనా కూడా ఇలాగే మళ్లీ నిలబడ్డాయి.

అపోహ: మన కారానికి వైన్ కుదరదు.

వగరు, ఆల్కహాల్ ఎక్కువైతే కారం ఇంకా మండుతుంది. కాబట్టి కోడివేపుడు పక్కన క్సినోమావ్రో వద్దు. మాంటినియా అని రాసిన సీసా తీసుకోండి. పెలొపొన్నెసోస్‌లో సుమారు 650 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పేరు గల మైదానంలో పండే మోస్కోఫీలెరో ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ అది. గులాబీ వాసన, ఆల్కహాల్ తక్కువ, వగరు దాదాపు లేదు. బాగా చల్లబరిచి పోయండి. గోంగూర పక్కన మాత్రం పులుపు లేని వైన్ చప్పబడిపోతుంది, అక్కడ అసిర్తికోనే నిలబడుతుంది. మోస్కోఫీలెరో దాచుకునే రకం కాదు, లేబుల్ మీద సంవత్సరం చూసి రెండు మూడేళ్ల లోపుదే కొనండి.

అపోహ: తీపి వైన్ చవకబారు సరుకు.

సామోస్ ద్వీపంలో మస్కట్ అనే ద్రాక్షతో చేసే తీపి వైన్ ఒక్కసారి రుచి చూడండి. కొండ మెట్ల మీద పండిన కాయ, 1934లో ఏర్పడిన రైతుల సహకార సంఘం చేసే వైన్. "నెక్టర్" అని రాసిన సీసా ఎండబెట్టిన ద్రాక్షతో చేసింది, "వాన్ దూ" అన్నది ఆల్కహాల్ కలిపి తీపిని నిలిపింది. మొదటిసారికి వాన్ దూ చాలు, ధరా తక్కువే. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు రుచి చెడదు. చిన్న గ్లాసులో, చల్లగా, భోజనం అయ్యాక.