నల్లమందు, గుండెపోటు: మా ఓపీలో మళ్లీ మళ్లీ వినే అపోహలు

"ఆయ్, కొంచెమే వేసుకుంటానండి. పెసర గింజంత. గుండెకి మంచిదంట కదండీ!"

భీమవరంలో ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. మన డెల్టాలో నల్లమందు తినేవాళ్లు మరీ ఎక్కువ మందేం లేరు. మందు, సిగరెట్టు, ఖైనీల ముందు ఇదెంత? కానీ చేపల లోడుతో హౌరా, గువాహటి దాకా లారీ తోలేవాళ్లలో కొందరికి దారిలో దాబాల దగ్గర అలవాటవుతుంది. అలుపు తెలియదని ఒకరు, నడుం నొప్పికని ఒకరు. గుండెపోటు వచ్చి స్టెంటు పడ్డాక కూడా మానరు. పైగా, ఆ పోటులో తమని బతికించింది అదేనంటారు!

అపోహ: నల్లమందు గుండెని కాపాడుతుంది.

వాస్తవం: నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. రక్తనాళంలో గడ్డ అలాగే ఉంటుంది. రక్తం అందక కండరం చచ్చిపోతూనే ఉంటుంది. కబురు చెప్పాల్సిన నొప్పి మాత్రం నోరు మూసుకుంటుంది.

ఒకాయన సంగతి చెబుతాను. యాభై దాటిన మనిషి, లారీ డ్రైవరు. మొదటి పోటుకి టైముకే వచ్చాడు, స్టెంటు వేశారు. మరుసటి ఏడాది ఒక రాత్రి ఛాతీలో మంట మొదలైంది. గ్యాస్ అనుకుని, చిన్న స్టీలు డబ్బా తీసి రోజూ వేసుకునేదానికి రెండింతలు నోట్లో వేసుకున్నాడు. నొప్పి తగ్గింది. హాయిగా నిద్రపోయాడట. మర్నాడు మధ్యాహ్నం తీసుకొచ్చేసరికి మంచం మీద పడుకోలేక ముందుకి వంగి కూర్చున్నాడు, ఊపిరితిత్తుల నిండా నీరు. లెక్కేస్తే పోటు మొదలై, మూసుకుపోయిన నాళం తెరవడానికి మంచి అదను అయిన పన్నెండు గంటలు ఎప్పుడో దాటింది. ఎకో పరీక్షలో గుండె పంపింగ్ 30 శాతం, మామూలుగా సగం పైన ఉండాలి. బిళ్ళల చీటీ అడిగితే అసలు విషయం బయటపడింది. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఆపేసి రెండు నెలలైంది.

"నొప్పే లేదు కదండీ, ఇంక బిళ్ళలెందుకని..."

నాకు కోపం వచ్చింది, దాచుకోను. కానీ పక్కనే వాళ్లావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంటే ఇంకేం తిడతాం?

ఈ నమ్మకం మనదొక్కటే కాదు. ఇరాన్‌లోనూ నల్లమందు గుండెకి, షుగరుకి మంచిదనే అంటారు. అక్కడి గోలెస్తాన్ ప్రాంతంలో నలభై దాటిన దాదాపు 50 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. సిగరెట్టు లాంటి వేరే కారణాలను లెక్కలోంచి తీసేశాక కూడా, నల్లమందు వాడేవాళ్లకి చావు ముప్పు 1.86 రెట్లు ఉంది. పొగ పీల్చేవాళ్లకీ, మింగేవాళ్లకీ ఇద్దరికీ. గుండెజబ్బు చావులూ అందులో ఉన్నాయి. ఇది చాలదన్నట్టు 2020లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నల్లమందుని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో చేర్చింది.

అపోహ: డాక్టరుకి చెబితే పోలీసు కేసవుతుంది.

ఈ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాస్తే ఏమవుతుందో చూడండి. ఇందాకటి ఆయనే, ఐసీయూలో రెండో రాత్రి ఒకటే ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా గగుర్పాటు, విరేచనాలు. నాడి నిమిషానికి 120. మళ్లీ పోటేమో, ఇన్ఫెక్షనేమో అని మేం తల బాదుకుంటుంటే, తెల్లవారుజామున వాళ్లావిడ కొంగు ముడి విప్పి ఆ స్టీలు డబ్బా సిస్టరు చేతిలో పెట్టింది. అప్పటిదాకా మాకు నల్లమందు సంగతే తెలియదు. అది ఒక్కసారిగా ఆగిపోవడం వల్లే ఇదంతా. దెబ్బతిన్న గుండెకి ఆ దడ, ఆ బీపీ ఎంత భారమో ఆలోచించండి. అందుకే ఇంట్లో మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. ఎంత వేసుకుంటున్నారో చెప్పండి, మందులిచ్చి మెల్లగా మాన్పిస్తారు. తనంతట తాను వైద్యానికి వచ్చిన వ్యసనపరుడికి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్‌లో రక్షణ కూడా ఉంది. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, ఫ్రీ కాల్.

మా అమ్మమ్మ చెప్పేది, నాట్లకి వెళ్లే తల్లులు పసిపిల్లలకి ఆవగింజంత నల్లమందు పెట్టి ఉయ్యాల్లో పడుకోబెట్టేవారట. చెబుతూ నవ్వేది కూడా. మన పెద్దవాళ్లకి దాని మీద భయం లేకపోవడం అందుకేనేమో.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆస్పత్రిలో ఇచ్చే మార్ఫిన్ ఆ జాతిదే, నిజమే. కానీ అది కొలిచి, మానిటర్ పెట్టి ఇస్తాం. పోటు సమయంలో మార్ఫిన్ ఇస్తే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్ లాంటి బిళ్ళలు ఒంటికి పట్టడం ఆలస్యమవుతుందని తెలిశాక, మేం కూడా ఆచితూచే ఇస్తున్నాం. నొప్పికి వాడే ట్రమడాల్ కూడా ఈ కోవలోదే, వాడుతుంటే చెప్పండి. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవాల్సింది మీ డాక్టరు రాసిచ్చిన బిళ్ళ. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

కోడికూరలో గసగసాల గురించి ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. అవి నల్లమందు వచ్చే మొక్క గింజలే, కూరలో వేసుకున్నంత మాత్రాన గుండెకేం కాదు, నిశ్చింతగా తినండి. దుబాయ్ వెళ్లే పిల్లల పెట్టెలో మాత్రం పెట్టకండి, అక్కడ అవి నిషేధం.