జిగురులో కలిపిన చేవ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో పుస్తకాలు పెట్టే ప్లైవుడ్ బీరువా కింది అర మీద వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది, గుర్తుందా? పైన లామినేట్ నిగనిగలాడుతూనే ఉంది. దాని వెనక పొడి మట్టి, బియ్యపు నూకల్లా తెల్లటి చెదలు. "తాతయ్యా, పాత టేకు పెట్టె పక్కనే ఉంది కదా, దానికెందుకు పట్టలేదు?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఆ రోజు హడావిడిలో సగమే చెప్పాను.

ఆ పెట్టె చేవ కర్రతో చేసింది. చెట్టు ముదిరేకొద్దీ కాండం నడుమ చేవ తేలుతుంది, అక్కడ చెట్టు తనను కాపాడుకునే రసాయనాలు పోగేసుకుంటుంది. టేకు చేవలో ఉండే టెక్టోక్వినోన్ అనే రసాయనం చెదలకి గిట్టదు. అదే టేకు చెట్టులో చుట్టూ ఉండే తెల్లచెక్కకి ఆ రక్షణ లేదు. మనం కొనే ప్లైవుడ్ చాలావరకు జామాయిల్, పోప్లర్ లాంటి తొందరగా పెరిగే చెట్లది. దుంగని గిర్రున తిప్పుతూ కత్తితో పలచటి పొరగా ఒలిచి, ఆ పొరల్ని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పేర్చి, జిగురు రాసి వేడి ప్రెస్సులో నొక్కుతారు. షీటు బలంగానే ఉంటుంది, కానీ అందులో చేవ ఉండదు. అది మనుషులే ఇవ్వాలి.

పైపైన మందు పూస్తే చాలదు. మేస్త్రి రంపం పెట్టి కోయగానే మందు తగలని అంచు బయటపడుతుంది. మన బీరువాకి జరిగింది అదే. కొనేటప్పుడు నేను కూడా నీళ్లకి ఉబ్బుతుందా అని అడిగానే తప్ప చెదల సంగతి అడగలేదు. నీళ్లకి ఆగే జిగురు వేరు, చెదలని ఆపే మందు వేరు.

అందుకే ఫ్యాక్టరీలో జిగురులోనే బైఫెంత్రిన్ లాంటి మందు కలుపుతారు. తొమ్మిది పొరల షీటులో ఎనిమిది జిగురు వరసలుంటాయి. ఎక్కడ కోసినా మందు వెంటే ఉంటుంది, పలచటి పొర కొరికిన పురుగుకి వెంటనే జిగురు తగులుతుంది. పొరలు మరీ మందమైతే మాత్రం నడుమ చెక్కకి మందు అందదు.

పొట్టు, పీచు నొక్కి చేసే బోర్డుల సంగతి ఇంకా చిక్కు. తయారయ్యాక మందునీళ్లలో ముంచితే ఉబ్బిపోతాయి. కాబట్టి నొక్కకముందే చెదలని ఆపే జింక్ బోరేట్ పొడి కలుపుతారు. మామూలు బోరిక్ పౌడరు ఎందుకు వద్దంటే, అది బోర్డులు అతికించే ఫినాల్ రకం జిగురుని ప్రెస్సులోకి వెళ్లకముందే గట్టిపరుస్తుంది, పైగా నీళ్లకి కరిగి పోతుంది. జింక్ బోరేట్ నీళ్లలో అంత తేలిగ్గా కరగదు.

మందు కరిగి పోకుండా చెక్కనే పట్టుకుని ఉండాలన్న చిక్కుని 1933లో విప్పినవాడు మన తెలుగు ఇంజనీరు శొంఠి కామేశం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ రాగి, ఆర్సెనిక్, క్రోమియం కలిపిన మందు తయారు చేశాడు. రాగి బూజుని ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగుని చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ చెక్కలో బిగించి పెడుతుంది. ఎన్నో దేశాల్లో కరెంటు స్తంభాలు ఆ మందుతో నిలబడ్డాయి. ఈ మాట రాస్తుంటే నాకు గుండె పొంగుతోంది. అయితే ఆర్సెనిక్ విషం. పిల్లలు ఆడుకునే చోట అలాంటి చెక్క వద్దనుకుని, 2003 చివరితో అమెరికాలో ఇళ్ల అవసరాలకి ఆ మందు పట్టించడం దాదాపుగా ఆపేశారు.

ఇంకొక సంగతి. మందున్న షీటుని చెదలు తినకపోయినా, దాని మీదుగా మట్టి గొట్టం కట్టుకుని పైకి పోగలవు. షీటు నిలుస్తుంది, పుస్తకాలు పోతాయి. నెలకోసారి బీరువా ముందుకి జరిపి గోడ వైపు టార్చి వేసి చూడండి.

కొత్త బీరువా పని వచ్చే వారం మొదలవుతుంది. కోసేటప్పుడు దగ్గర నిలబడకండి, ఆ పొడి ముక్కులోకి పోకూడదు. మిగిలిన ముక్కల్ని నీళ్ల పొయ్యిలో పెడతానని అమ్మమ్మ అంటే వద్దని చెప్పండి. మందున్న చెక్క పొగ, బూడిద రెండూ మంచివి కావు. ఒక్క ముక్క మాత్రం దాచి ఉంచండి, నేను వచ్చాక అంచు మీద పొరలు లెక్కపెడదాం.

మీ తాతయ్య